పోస్ట్‌గ్రెస్‌లో సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతే: డ్రాప్ కమాండ్ జోలికి వెళ్లకముందు చేయవలసిన పరిశీలన

ఒక డేటాబేస్‌లోని మార్పులను ఎప్పటికప్పుడు మరో డేటాబేస్‌కు పంపే లాజికల్ రెప్లికేషన్ 2017లో వెలువడిన 10వ వెర్షన్‌తో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో అంతర్భాగమైంది. అసలు డేటాబేస్ మీద భారం పడకుండా రిపోర్టుల కోసం వేరే సర్వర్‌కు టేబుళ్లు పంపడానికీ, ఎక్కువసేపు సేవలు ఆపకుండా పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మారడానికీ దీన్ని విరివిగా వాడుతున్నారు. ఆ మార్పులు అందుకోవడానికి అందుకునే వైపు చేసుకునే ఏర్పాటే సబ్‌స్క్రిప్షన్. బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా రాత్రి షిఫ్టుల్లో డేటాబేస్‌లు చూసుకునే మన తెలుగు కుర్రాళ్ల నుంచి నాకు తరచుగా వచ్చే ఫోన్ ఒక్కటే: "అన్నా, సబ్‌స్క్రిప్షన్ ఆగిపోయింది, డ్రాప్ చేసి మళ్లీ క్రియేట్ చేసేయమంటావా?" వద్దన్నదే నా జవాబు. డ్రాప్ చేస్తే ఎక్కడి వరకు డేటా అందిందన్న గుర్తు చెరిగిపోతుంది, ప్రతి టేబుల్‌నూ మొదటి నుంచి కాపీ చేయాల్సి వస్తుంది, పైగా అసలు కారణం అలాగే ఉంటుంది కాబట్టి ఆ కాపీ కూడా మధ్యలో ఆగిపోవచ్చు. పెద్ద టేబుళ్లున్న చోట తెల్లవారేసరికి రిపోర్టులు ఉండవు, ఎందుకు ఆగిందో చెప్పే ఆధారాలూ ఉండవు.

ఈ వ్యాసమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఆర్డర్ల డేటాబేస్ ముంబైలో ఉంది, మార్పులు పంపేది కాబట్టి అది పబ్లిషర్. రిపోర్టుల డేటాబేస్ బెంగళూరులో ఉంది, వాటిని అందుకునేది కాబట్టి అది సబ్‌స్క్రైబర్. సబ్‌స్క్రిప్షన్ పేరు రిపోర్ట్_సబ్. రెండు వైపులా 15 లేదా ఆపై వెర్షన్ ఉన్నట్టు భావిస్తున్నాను. వెర్షన్‌ను బట్టి తేడా వచ్చే చోట ఆ సంగతి చెబుతాను. కమాండ్లను, వ్యూల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి.

ముందు స్లాట్ సంగతి

సబ్‌స్క్రిప్షన్ సృష్టించగానే పబ్లిషర్ వైపు ఒక రెప్లికేషన్ స్లాట్ ఏర్పడుతుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఎక్కడి వరకు చెల్లు రాశారో అక్కడి నుంచే లెక్క మొదలైనట్టు, సబ్‌స్క్రైబర్ ఎంతవరకు అందుకున్నదో ఈ స్లాట్‌లో నమోదై ఉంటుంది, మళ్లీ కలిసినప్పుడు అక్కడి నుంచే డేటా వస్తుంది. సబ్‌స్క్రైబర్ రాకపోయినా, ఆ గుర్తు తర్వాతి వాల్ ఫైళ్లను (ప్రతి మార్పునూ ముందుగా నమోదు చేసే ఫైళ్లను) పబ్లిషర్ పారేయకుండా దాచి ఉంచుతుంది. మనల్ని కాపాడేది ఈ గుణమే, డిస్కు నింపి పబ్లిషర్‌ను పడగొట్టేదీ ఈ గుణమే. అందుకే పరిశీలన మొదలుపెట్టేటప్పుడు అడగవలసిన తొలి ప్రశ్న పబ్లిషర్ డిస్కులో ఇంకా ఎంత జాగా ఉందన్నది. గంటలకొద్దీ జాగా ఉంటే నింపాదిగా వెతకవచ్చు, నిమిషాలే ఉంటే నేరుగా 6వ అడుగుకు వెళ్లండి.

1. ఏ వైపు ఆగిందో తేల్చుకోవడం

బెంగళూరు వైపు మొదట పీజీ_సబ్‌స్క్రిప్షన్ కేటలాగ్‌లో (పోస్ట్‌గ్రెస్ తన సొంత వివరాలు ఉంచుకునే టేబుల్‌లో) సబ్‌ఎనేబుల్డ్ కాలమ్ చూడాలి. అది ఫాల్స్ అయితే ఎవరో ఆపి ఉండాలి, లేదా డిజేబుల్_ఆన్_ఎర్రర్ అనే ఆప్షన్ పెట్టి ఉన్నందువల్ల తప్పు ఎదురవగానే దానంతట అదే ఆగి ఉండాలి. ట్రూ అయితే పీజీ_స్టాట్_సబ్‌స్క్రిప్షన్ వ్యూ తెరవాలి. అందులో పిడ్ (ప్రాసెస్ నంబర్) ఖాళీగా ఉంటే, వచ్చిన మార్పులను టేబుళ్లలో రాసే అప్లై వర్కర్ నడవడం లేదని అర్థం. పిడ్ ఉన్నా, చూసిన ప్రతిసారీ నంబర్ మారుతూ ఉంటే వర్కర్ లేచి, పడి, మళ్లీ లేస్తున్నదని అర్థం. వాల్_రిట్రీవ్_రిట్రై_ఇంటర్వెల్ సెట్టింగ్ సహజంగా 5 సెకన్లు కాబట్టి ఈ చావుపుట్టుకలు రాత్రంతా సాగుతూనే ఉంటాయి. అందుకని ఒక్కసారి చూసి "నడుస్తోంది" అని చెప్పేయకూడదు. కొన్ని సెకన్ల తేడాతో రెండు మూడు సార్లు చూడాలి. 15వ వెర్షన్ నుంచి ఉన్న పీజీ_స్టాట్_సబ్‌స్క్రిప్షన్_స్టాట్స్ వ్యూలో అప్లై_ఎర్రర్_కౌంట్, సింక్_ఎర్రర్_కౌంట్ అనే రెండు లెక్కలుంటాయి. మొదటిది పెరుగుతుంటే రోజువారీ మార్పులు రాయడంలో చిక్కు, రెండోది పెరుగుతుంటే తొలి కాపీలో చిక్కు.

తర్వాత ముంబై వైపు పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ చూడాలి. యాక్టివ్ కాలమ్ ట్రూ అయి, కన్ఫర్మ్‌డ్_ఫ్లష్_ఎల్‌ఎస్‌ఎన్ (సబ్‌స్క్రైబర్ అందుకున్నానని చెప్పిన స్థానం; ఎల్‌ఎస్‌ఎన్ అంటే వాల్‌లో ఒక స్థానం) ముందుకు కదులుతుంటే రెప్లికేషన్ నడుస్తున్నట్టే. కదలకుండా ఒకచోటే ఉంటే ఆగినట్టు. పీజీ_వాల్_ఎల్‌ఎస్‌ఎన్_డిఫ్ ఫంక్షన్‌కు ప్రస్తుత ఎల్‌ఎస్‌ఎన్‌ను, ఈ విలువను ఇస్తే ఎన్ని బైట్లు వెనకబడ్డామో తెలుస్తుంది. ఆ అంకెను సమయంతో సహా ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఏం చేసిన తర్వాత తేడా తగ్గిందో చెప్పేది అదే.

2. లాగ్ చదవడం

రెండు వైపుల లాగ్‌లనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి, ఎందుకంటే ఒకచోట కనిపించే కారణం రెండోచోట కేవలం "కనెక్షన్ తెగింది" అని మాత్రమే కనిపిస్తుంది. ఇక్కడ మన దేశంలో తరచుగా తడబడే విషయమొకటి ఉంది. క్లౌడ్ సర్వర్లలో లాగ్_టైమ్‌జోన్ చాలావరకు యూటీసీలో ఉంటుంది, ఆఫీసు సర్వర్లలో భారత కాలమానంలో ఉంటుంది. ముంబై సర్వర్ యూటీసీలో ఉంటే, రాత్రి 2 గంటల 10 నిమిషాలకు బెంగళూరులో వచ్చిన తప్పుకు జవాబు ముంబై లాగ్‌లో ముందురోజు 20:40 దగ్గర ఉంటుంది. ఈ అయిదున్నర గంటలు సర్దుకోకుండా వెతికితే సంబంధం లేని మెసేజ్ ఒకటి దొరుకుతుంది, దాని వెంట పడి గంట పోతుంది.

3. కనెక్షనే కుదరకపోతే

ఇది సులువైన భాగం, కారణాలు కొద్దే. మొదటిది పాస్‌వర్డ్. సబ్‌స్క్రిప్షన్‌లో కనెక్షన్ వివరాలు ఒకసారి రాసిపెట్టినవి అలాగే ఉంటాయి. భద్రతా విభాగం వాళ్లు పబ్లిషర్‌లో రెప్లికేషన్ యూజర్ పాస్‌వర్డ్ మార్చి ఎవరికీ చెప్పకపోతే, ఇప్పుడున్న కనెక్షన్ తెగేదాకా అంతా బాగానే ఉండి, తర్వాత ఎప్పుడో ఒక నెట్‌వర్క్ కుదుపులో ఆగిపోతుంది. ఆల్టర్ సబ్‌స్క్రిప్షన్ రిపోర్ట్_సబ్ కనెక్షన్ అంటూ కొత్త వివరాలిస్తే సరిపోతుంది. రెండోది ఎవరు ఎక్కడి నుంచి కలవవచ్చో చెప్పే పీజీ_హెచ్‌బీఏ ఫైలు. అందులో డేటాబేస్ కాలమ్‌లో రెప్లికేషన్ అని రాస్తే అది సర్వర్ మొత్తాన్ని నకలు చేసే ఫిజికల్ రెప్లికేషన్‌కు మాత్రమే వర్తిస్తుంది. లాజికల్ రెప్లికేషన్‌కు అసలు డేటాబేస్ పేరే ఉండాలి. స్టాండ్‌బై సర్వర్లు నడిపి అలవాటైనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. యూజర్‌కు రెప్లికేషన్ హక్కు ఉండాలి, తొలి కాపీ కోసం ఆ టేబుళ్ల మీద సెలెక్ట్ హక్కు కూడా ఉండాలి.

పబ్లిషర్‌లో వాల్_లెవెల్ విలువ లాజికల్ అయి ఉండాలి. మాక్స్_రెప్లికేషన్_స్లాట్స్, మాక్స్_వాల్_సెండర్స్ రెండూ సహజంగా 10. ఈ మూడింటిలో ఏది మార్చినా సర్వర్ రీస్టార్ట్ తప్పదు. సబ్‌స్క్రైబర్ వైపు మాక్స్_లాజికల్_రెప్లికేషన్_వర్కర్స్ సహజంగా 4 మాత్రమే. ఇందులో అప్లై వర్కర్లు, టేబుళ్లు కాపీ చేసే సింక్ వర్కర్లు కలిసి పంచుకుంటాయి. అయిదో సబ్‌స్క్రిప్షన్ పెట్టినప్పుడు ఏదో ఒకటి మొదలు కాకుండా ఉండిపోవడానికి కారణం తరచుగా ఇదే.

"రెప్లికేషన్ స్లాట్ ఈజ్ యాక్టివ్ ఫర్ పిడ్" అని వస్తే కంగారు పడనక్కర్లేదు. నెట్‌వర్క్ తెగిన సంగతి పబ్లిషర్‌కు ఇంకా తెలియక డేటా పంపే పాత వాల్ సెండర్ ప్రాసెస్ స్లాట్‌ను పట్టుకుని కూర్చుంది. వాల్_సెండర్_టైమౌట్ సహజంగా 60 సెకన్లు కాబట్టి, ఎవరూ దాన్ని మార్చి ఉండకపోతే నిమిషంలో అదే వదులుతుంది. వదలకపోతే ఆ పిడ్‌ను పీజీ_టర్మినేట్_బ్యాకెండ్‌తో ముగించవచ్చు.

4. తొలి కాపీ పూర్తి కాకపోతే

పీజీ_సబ్‌స్క్రిప్షన్_రెల్ కేటలాగ్‌లో ప్రతి టేబుల్‌కూ ఒక అక్షరం ఉంటుంది: ఐ అంటే మొదలు కావలసినది, డి అంటే కాపీ జరుగుతున్నది, ఎఫ్ అంటే కాపీ అయినది, ఎస్ అంటే సమన్వయం కుదిరినది, ఆర్ అంటే సిద్ధమైనది. డి దగ్గర గంటల తరబడి ఆగిన టేబుల్ నిజంగా పెద్దదై ఉండాలి, లేదా కాపీ పదేపదే విఫలమై మొదటికొస్తూ ఉండాలి. కాపీ మధ్యలో పడితే అప్పటివరకు చేసింది రోల్‌బ్యాక్ (రద్దు) అవుతుంది, మళ్లీ మొదటి రికార్డు నుంచే మొదలవుతుంది. సబ్‌స్క్రైబర్ టేబుల్‌లో ముందే రికార్డులు ఉండటం దీనికి సాధారణ కారణం. ఎవరో డంప్ ఎక్కించి, తర్వాత కాపీ_డేటా ఆప్షన్ ఆపకుండానే సబ్‌స్క్రిప్షన్ సృష్టించి ఉంటారు. ఆ రికార్డులు అవసరం లేవని నిర్ధారించుకున్నాక టేబుల్‌ను ట్రంకేట్ చేస్తే తర్వాతి ప్రయత్నంలో కాపీ సాగుతుంది.

అసలు సబ్‌స్క్రిప్షన్ సృష్టించే కమాండే వెనక్కి రాకుండా నిలిచిపోతే, పబ్లిషర్‌లో ఎప్పుడో మొదలై ముగియని ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఒక్కటిగా ముగిసే మార్పుల గుంపు) ఒకటి ఉందేమో చూడండి. స్లాట్ ఏర్పడాలంటే అప్పటికి నడుస్తున్న ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా ఆగాలి. ఎవరో టెర్మినల్‌లో బిగిన్ కొట్టి, ఏదో మార్చి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్లినా ఇది ఆగుతుంది. పీజీ_స్టాట్_యాక్టివిటీలో ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ ప్రకారం పేర్చితే ఆ సెషన్ పైకి తేలుతుంది.

5. రికార్డుల మధ్య ఘర్షణ

సబ్‌స్క్రిప్షన్ ఆగిపోయే సందర్భాల్లో ఎక్కువ జాగ్రత్త కోరేది ఇది. సబ్‌స్క్రైబర్‌లోని టేబుళ్లు మామూలు టేబుళ్లే, వాటిలో ఎవరైనా రాయవచ్చు. మన ఉదాహరణలో రిపోర్టుల బృందంలోని ఒకరు పరీక్ష కోసం ఆర్డర్స్ టేబుల్‌లో 48217 నంబర్‌తో ఒక రికార్డు చేర్చి మరిచిపోయారనుకుందాం. ముంబైలో అదే నంబర్‌తో నిజమైన ఆర్డర్ వచ్చిన క్షణాన బెంగళూరు లాగ్‌లో "డూప్లికేట్ కీ వాల్యూ వయొలేట్స్ యూనిక్ కన్‌స్ట్రెయింట్" అని (18వ వెర్షన్ నుంచి ఇన్సర్ట్_ఎగ్జిస్ట్స్ అనే ఘర్షణగా) పడుతుంది, వర్కర్ ఆగుతుంది, 5 సెకన్లకు లేచి అదే రికార్డు దగ్గర మళ్లీ పడుతుంది.

ఆ ఎర్రర్ కింద కాంటెక్స్ట్ అనే వరుస ఉంటుంది, చాలామంది దాన్ని చదవకుండా వదిలేస్తారు. అందులో రెప్లికేషన్ ఆరిజిన్ పేరు, జరుగుతున్న పని ఇన్సర్టా అప్‌డేటా అన్నది, టేబుల్ పేరు, ట్రాన్సాక్షన్ నంబర్, చివర "ఫినిష్డ్ ఎట్ 0/14903780" వంటి ఎల్‌ఎస్‌ఎన్ ఉంటాయి. చేయవలసిన పనికి కావలసినదంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది.

ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది, నా దృష్టిలో దాదాపు ఎప్పుడూ సరైనది: అడ్డం పడుతున్న స్థానిక రికార్డును తీసేయడం. దాన్ని ముందు మరో టేబుల్‌లో దాచి, ఆర్డర్స్ నుంచి డిలీట్ చేసి కమిట్ చేస్తే, తర్వాతి ప్రయత్నంలో వర్కర్ నిజమైన రికార్డును రాసుకుని ముందుకు సాగిపోతుంది. డేటా ఏదీ పోదు.

రెండోది, ఆల్టర్ సబ్‌స్క్రిప్షన్ రిపోర్ట్_సబ్ స్కిప్ (ఎల్‌ఎస్‌ఎన్ = '0/14903780') అనడం. 15వ వెర్షన్‌తో వచ్చిన ఈ కమాండ్‌కు సూపర్‌యూజర్ హక్కు కావాలి. ఇది చూడటానికి సులువుగా ఉంటుంది కాబట్టే ప్రమాదకరం. వదిలేది ఆ ఒక్క రికార్డును కాదు, ఆ ట్రాన్సాక్షన్ మొత్తాన్ని. ముంబైలో ఆ ఆర్డర్‌తో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో ఆర్డర్ వస్తువులు, చెల్లింపు, స్టాక్ తగ్గింపు కూడా రాసి ఉంటే అవన్నీ బెంగళూరుకు ఎప్పటికీ రావు. వర్కర్ నడుస్తుంది, అలారం ఆగుతుంది, నెలాఖరున జీఎస్‌టీ లెక్కలు తేలనప్పుడు గాని ఎవరికీ తెలియదు. స్కిప్ వాడక తప్పని పరిస్థితి వస్తే, ఆ ట్రాన్సాక్షన్‌లో ఏయే టేబుళ్లు మారాయో పబ్లిషర్ వైపు వెతికి, ఆ రికార్డులను చేతితో తెచ్చి చేర్చే పని కూడా అదే రాత్రి పూర్తిచేయాలి. 14 లేదా అంతకు ముందు వెర్షన్లలో స్కిప్ లేదు. పీజీ_రెప్లికేషన్_ఆరిజిన్_అడ్వాన్స్ ఫంక్షన్ ఉంది కానీ, దానికిచ్చే స్థానం తప్పితే ఒకటికి మించిన ట్రాన్సాక్షన్లు పోతాయి కనుక అక్కడ మొదటి దారినే గట్టిగా పట్టుకోవాలి.

డూప్లికేట్ ఇన్సర్ట్ కనీసం గట్టిగా అరుస్తుంది. అప్‌డేట్ చేయవలసిన రికార్డు, లేదా డిలీట్ చేయవలసిన రికార్డు సబ్‌స్క్రైబర్‌లో లేకపోతే పోస్ట్‌గ్రెస్ ఆ మార్పును వదిలేసి ముందుకు వెళ్తుంది, వర్కర్ ఆగదు. 18వ వెర్షన్ నుంచి ఇది అప్‌డేట్_మిస్సింగ్, డిలీట్_మిస్సింగ్ అనే పేర్లతో లాగ్‌లోనూ గణాంకాల వ్యూలోనూ కనిపిస్తుంది. అంతకుముందు వెర్షన్లలో మామూలు లాగ్‌లో జాడే ఉండదు. ఆగిపోయిన సబ్‌స్క్రిప్షన్ కంటే, ఆగకుండా తప్పుగా నడిచే సబ్‌స్క్రిప్షన్‌కే నేను ఎక్కువ భయపడతాను. సబ్‌స్క్రైబర్ టేబుళ్ల మీద మనుషుల యూజర్లకు సెలెక్ట్ తప్ప మరే హక్కూ ఉంచకపోతే ఈ రెండు రకాల ఘర్షణలూ చాలావరకు పుట్టకుండానే పోతాయి.

టేబుల్ నిర్మాణం మారినప్పుడు వచ్చే తప్పు కూడా ఈ కోవలోదే. లాజికల్ రెప్లికేషన్ ఆల్టర్ టేబుల్ వంటి కమాండ్లను పంపదు. ముంబైలో కొత్త కాలమ్ చేర్చి బెంగళూరులో చేర్చకపోతే, ఆ టేబుల్‌లో తర్వాత వచ్చే మొదటి మార్పు దగ్గరే "మిస్సింగ్ రెప్లికేటెడ్ కాలమ్" అని ఆగుతుంది. ఆ కాలమ్ చేర్చగానే సాగుతుంది, మరేమీ చేయనక్కర్లేదు. ఇకముందు కాలమ్ చేర్చేటప్పుడు ముందు సబ్‌స్క్రైబర్‌లో, తర్వాత పబ్లిషర్‌లో చేర్చాలి. తీసేసేటప్పుడు వరుస తిరగబడుతుంది. పబ్లికేషన్‌లో (పబ్లిషర్ పంపే టేబుళ్ల జాబితాలో) కొత్త టేబుల్ చేర్చినప్పుడు సబ్‌స్క్రైబర్‌లోనూ ఆ టేబుల్‌ను సృష్టించి, ఆల్టర్ సబ్‌స్క్రిప్షన్ రిపోర్ట్_సబ్ రిఫ్రెష్ పబ్లికేషన్ అనాలి. అది మరిచిపోతే ఏ ఎర్రరూ రాదు, ఆ టేబుల్ ఖాళీగా ఉండిపోతుంది.

ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే కాలమ్) లేని టేబుల్‌ను పబ్లికేషన్‌లో చేర్చినప్పుడు దెబ్బ తగిలేది పబ్లిషర్ వైపు: అక్కడి అప్లికేషన్ చేసే అప్‌డేట్లు, డిలీట్లే విఫలమవుతాయి. రికార్డును దాని అన్ని కాలమ్‌లతో గుర్తించే రెప్లికా ఐడెంటిటీ ఫుల్ అని పెట్టి గట్టెక్కవచ్చు. అయితే 15 దాకా ఉన్న వెర్షన్లలో, అలాంటి టేబుల్‌లో మార్చవలసిన ప్రతి రికార్డు కోసమూ సబ్‌స్క్రైబర్ టేబుల్ మొత్తాన్ని వెతుకుతుంది. 16వ వెర్షన్ నుంచి తగిన బీట్రీ ఇండెక్స్ ఉంటే దాన్ని వాడుకోగలదు. ఎర్రర్ ఏదీ లేకుండా అప్లై వర్కర్ ఒక సీపీయూ కోర్‌ను పూర్తిగా తింటూ గంటల తరబడి ఒకే ఎల్‌ఎస్‌ఎన్ దగ్గర ఉంటే, పబ్లిషర్‌లో అలాంటి టేబుల్ మీద పెద్ద డిలీట్ ఏదైనా నడిచిందేమో చూడండి. నిజమైన మందు ప్రైమరీ కీ చేర్చడమే.

6. డిస్కు నిండుతున్నప్పుడు

పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో 13వ వెర్షన్ నుంచి వాల్_స్టేటస్ అనే కాలమ్ ఉంది. రిజర్వ్‌డ్, ఎక్స్‌టెండెడ్ అంటే కావలసిన వాల్ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. అన్‌రిజర్వ్‌డ్ అంటే తర్వాతి చెక్‌పాయింట్ (మార్పులన్నీ డిస్కులోని టేబుళ్లకు చేరేలా చూసే ఘట్టం) దగ్గర కొన్ని పోవచ్చు, వెంటనే కదలాలి. లాస్ట్ అంటే పోయాయి. ఆ స్లాట్ ఇక పనికిరాదు, సబ్‌స్క్రిప్షన్‌ను నిజంగానే మళ్లీ కట్టుకోవాలి.

మాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ సహజంగా -1, అంటే ఎంతైనా దాచు అని. రిపోర్టుల కోసం పెట్టిన సబ్‌స్క్రిప్షన్ ఆర్డర్ల డేటాబేస్‌ను పడగొట్టే స్థితి రాకూడదు కాబట్టి, డిస్కు పరిమాణాన్ని బట్టి దీనికొక హద్దు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు. హద్దు పెట్టాక, అప్పటికే దాన్ని దాటిన స్లాట్ తర్వాతి చెక్‌పాయింట్ దగ్గర చెల్లకుండా పోవచ్చన్నది గుర్తుంచుకోవాలి. అత్యవసర స్థితిలో ముందు డిస్కు పెంచే వీలుంటే పెంచండి. అది కుదరకపోతే, రిపోర్టుల బృందానికి చెప్పి, స్లాట్‌ను వదులుకోండి. పీజీ_వాల్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లు చేతితో తుడిచేయడం మాత్రం ఎంత తొందరలోనూ చేయకూడదు, దానివల్ల పబ్లిషర్ తిరిగి లేవకపోవచ్చు.

7. నడిచాక సరిచూడటం

వర్కర్ పరిగెత్తడం మొదలయ్యాక 1వ అడుగులో రాసుకున్న బైట్ల తేడా తగ్గుతోందో లేదో చూడాలి, తర్వాత డేటా సరిచూడాలి. ఈరోజు మారుతున్న రికార్డులను పోల్చడం వృథా, రెండు వైపులా ఒకే క్షణం దొరకదు. నిన్నటికి ముగిసిన తేదీల పరిధి తీసుకుని, రెండు చోట్లా రికార్డుల సంఖ్య, మొత్తం సొమ్ము, కీ వరుసలో కాలమ్‌లను కలిపి తీసిన ఎండీ5 విలువ (డేటా ఏ కాస్త మారినా మారిపోయే సంకేతం) పోల్చండి. సంఖ్య సరిపోయి ఎండీ5 తేడా వస్తే ఎక్కడో ఒక అప్‌డేట్ జారిపోయిందని తెలుస్తుంది. ఆ పరిధిని సగానికి సగం విడగొడుతూ పోతే ఆ రికార్డు దొరుకుతుంది.

8. నిజంగానే డ్రాప్ చేయాల్సి వస్తే

పబ్లిషర్ అందుబాటులో ఉంటే డ్రాప్ సబ్‌స్క్రిప్షన్ అనగానే స్లాట్ కూడా తొలగిపోతుంది. అందుబాటులో లేకపోతే కమాండ్ విఫలమవుతుంది. అప్పుడు ముందు ఆల్టర్ సబ్‌స్క్రిప్షన్ రిపోర్ట్_సబ్ డిజేబుల్, తర్వాత అదే సబ్‌స్క్రిప్షన్ మీద సెట్ (స్లాట్_నేమ్ = నన్), ఆపైన డ్రాప్. ఈ దారిలో వెళ్తే ముంబైలో స్లాట్ అనాథగా మిగిలి, ఎవరికోసమో తెలియకుండా వాల్ ఫైళ్లు పోగేస్తూ ఉంటుంది. పబ్లిషర్ తిరిగి అందుబాటులోకి రాగానే పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ ఫాల్స్‌గా ఉన్న వాటిలో దాని పేరు వెతికి, మరే సబ్‌స్క్రిప్షన్‌దీ కాదని నిర్ధారించుకుని, పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్‌తో తొలగించాలి. ఈ పని తర్వాతి షిఫ్టుకు వదలవలసి వస్తే, స్లాట్ పేరును, మిగిలి ఉన్న డిస్కు జాగాను అప్పగింత నోట్‌లో మొదటి వరుసలోనే రాయండి.